పిత్రార్జితం, సీమ, దేశం: అనంతపురం పీఠభూమిలో స్వదేశ భావన

ప్రతి మనిషికీ రెండు స్వదేశాలు ఉంటాయని, ఒకటి పుట్టుకతో సంక్రమించేదనీ రెండోది పౌరసత్వంతో లభించేదనీ, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సిసెరో చట్టాలను గురించి రాసిన సంభాషణా గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ సంభాషణ జరిగినట్టు చెప్పిన చోటు అతని పూర్వీకుల ఊరు ఆర్పినం. ఆ ఊరిపై తన మమకారాన్ని దాచుకోకుండానే, ప్రాణమివ్వవలసి వస్తే అది రోమన్ రాజ్యానికే చెందాలని అతను తేల్చాడు. నెపోలియన్‌తో యుద్ధాలు జరుగుతున్న కాలంలో, 1813లో, జర్మన్ కవి అర్న్‌ట్ తన జాతి పితృభూమి ఎక్కడిదని ప్రశ్నిస్తూ రాసిన గేయం, ఆ భూమికి రాజుల సరిహద్దులను కాక భాషను ఎల్లగా నిర్ణయించింది. బంకించంద్రుని కాలం నుంచి భారతదేశంలో స్వదేశం ప్రధానంగా తల్లి రూపంలోనే కీర్తనలు అందుకుంది. తెలుగు కవిత్వం కూడా అదే దారిన నడిచింది. అయితే పాటల్లో తల్లిగా కనిపించిన ఈ భూమి పత్రాల్లో, దస్తావేజుల్లో, ఒప్పందాల్లో తండ్రి తాతల ఆస్తిగా నమోదైంది. ఈ రెండో పార్శ్వాన్ని గమనించడానికి ఆంధ్రప్రదేశ్ నైరుతి మూలనున్న అనంతపురం పీఠభూమి అనువైన ప్రాంతం, ఎందుకంటే అక్కడ గడచిన రెండు శతాబ్దాల రాజకీయమంతా భూమి ఎవరి తాతలది, దానికి నీళ్లు ఎవరు ఇవ్వాలి అన్న రెండు ప్రశ్నలను విడదీయకుండానే సాగింది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలకు నైరుతి రుతుపవనాలు పశ్చిమ కనుమలు దాటేసరికి చాలావరకు ఇంకిపోయి చేరతాయి, ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి అరకొరగా వస్తాయి. లోతు తక్కువైన ఎర్రనేల ఆ కాస్త తేమనూ ఎంతోకాలం పట్టి ఉంచలేదు. పెన్న, చిత్రావతి, వేదవతి అనే హగరి ఏడాదిలో చాలాభాగం ఇసుక పరుపులుగానే ఉంటాయి. ఇటువంటి చోట రాజ్యమనేది ప్రజల అనుభవంలో మొదటినుంచీ చెరువుగానే తెలిసివచ్చింది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పద్నాలుగో శతాబ్దంలో పండమేరు వాగుకు అడ్డంగా పెద్ద కట్ట వేయించాడని, ఆ కట్ట రెండు కొసల్లో బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలిశాయని, అనంతపురం పేరు కూడా అక్కడి నుంచే వచ్చిందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. ఊరి పేరులో రాజును, రాజు పేరు వెనుక చెరువును నిలుపుకున్న ఆ జ్ఞాపకం తరువాతి కాలపు రాజకీయాలకు తెలియకుండానే పునాది వేసింది.

అంతకు ముందు ఈ నేలను పిలిచిన పేర్లు వేరు. మడకశిర ప్రాంతంలోని హేమావతి రాజధానిగా పాలించిన నొళంబ పల్లవుల రాజ్యాన్ని శాసనాలు ‘నొళంబవాడి ముప్పైరెండువేలు’ అని పేర్కొన్నాయి. తూర్పున కడప వైపు రేనాడు ఉండేది. కలమళ్లలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన ఆరో శతాబ్దపు శాసనం తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. నాడు, వాడి, సీమ అనే ఈ విభాగాలన్నీ పన్ను వసూలుకు, సైనిక సేవకు ఏర్పడినవే గాని అక్కడి జనాన్ని ఒకే జాతిగా చూసినవి కావు. కన్నడమూ తెలుగూ కలిసిన శాసనాలు, రెండు భాషల్లోనూ మాట్లాడే గ్రామాలు నొళంబుల కాలం నుంచి ఇప్పటి మడకశిర, హిందూపురం వరకు సహజంగానే కొనసాగాయి. కృష్ణదేవరాయల బిరుదుల్లో ‘కన్నడ రాజ్య రమారమణ’ ఉన్నా ఆయన రచన ఆముక్తమాల్యద తెలుగులోనే ఉండడం ఆ కాలపు వారికి వైరుధ్యంగా తోచలేదు. భాష వేరు, రాజ్యం వేరు, సొంత ఊరు వేరు అన్న అమరికలో వారు బతికారు.

1565 నాటి రాక్షసతంగడి యుద్ధం తరువాత హంపీ పాడుబడగా తిరుమలరాయలు పెనుకొండకు రాజధానిని మార్చాడు. రాజ్యం ఆ తరువాత చంద్రగిరికి, ఇంకా దూరానికి తరలిపోయింది. కొండమీది కోట, నగరు మిగిలిపోయిన పెనుకొండ తరువాతి తరాల సాహిత్యంలో స్వదేశ వైభవానికి స్మారకంగా మారింది. చియ్యేడులో 1914లో పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యంలోనే రాసిన ‘పెనుగొండలక్ష్మి’ ఆ శిథిలాల మధ్య నిలబడి పోయిన సామ్రాజ్యాన్ని తలచుకున్న కావ్యం. దాన్నే తరువాత ఆయన విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా చదవవలసి వచ్చింది. కోల్పోయిన రాజధాని గురించి దుఃఖించే ఆ ధోరణి స్వదేశ భావనకు ఒక రూపమే, కాని దానిలో రాజు, సైన్యం, సంపద కనిపించినంతగా చెరువు కట్ట కింద మడి దున్నిన వారు కనిపించరు.

ఆ దున్నిన వారు చరిత్ర పత్రాల్లోకి వచ్చింది 1800 తరువాత. మైసూరు యుద్ధాల్లో టిప్పు సుల్తాను ఓడినప్పుడు తన వాటాకు వచ్చిన జిల్లాలను, తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, హైదరాబాద్ నిజాం 1800 అక్టోబరు 12 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలకు కర్నూలు భాగాలు చేరిన ఆ భూభాగాన్ని తెలుగువారు ‘దత్త మండలాలు’ అన్నారు. ఇందులో ప్రజలకు ఏ పాత్రా లేదు. అప్పుకు ఈడుగా ఒక పాలకుడు మరో పాలకుడికి జిల్లాలను లెక్కగట్టి అప్పజెప్పిన ఘటన వారి ప్రాంతానికే పేరై, సుమారు నూట ముప్పై ఏళ్లు నిలిచింది.

ఆ దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా 1807 వరకు పనిచేశాడు. గ్రామాలను కోటల్లోంచి ఏలుతున్న పాళెగాళ్లను అణచివేసి, కొందరికి పింఛన్లు ఇచ్చి, పొలాలను కొలిపించి, ఒక్కొక్క చేనుకు శిస్తు నిర్ణయించాడు. మధ్యలో జమీందారు లేకుండా ప్రభుత్వమే రైతుతో నేరుగా లెక్క చూసుకునే ఈ పద్ధతికి ‘రైత్వారీ’ అని పేరు. రైతుకు ఇచ్చే హక్కు పత్రమే పట్టా. శిస్తు బాగా ఎక్కువగా ఉందని మన్రోకే తోచి, 1807లో వెళ్లిపోయేముందు నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. దాన్ని ప్రభుత్వం అంగీకరించక గ్రామాలను గుత్తకు ఇచ్చే పద్ధతిని తెచ్చింది. 1820లో ఆయన మద్రాసు గవర్నరు అయ్యాక గాని రైత్వారీ మళ్లీ స్థిరపడలేదు. మళ్లీ పర్యటనకు వచ్చినప్పుడు, 1827 జులైలో పత్తికొండలో కలరాతో మరణించాడు. మృతదేహాన్ని మొదట గుత్తిలో సమాధి చేశారు.

రైత్వారీ వల్ల జరిగిన మార్పును శిస్తు లెక్కలకే పరిమితం చేయడం పొరపాటు. దానితో స్వదేశ భావనకు అతి చిన్నదీ అతి బలమైనదీ అయిన కొలత ఏర్పడింది: పేరు రాసిన పట్టా, అందులో ఉన్న నాలుగెకరాల మెట్ట. తండ్రి నుంచి కొడుక్కు సంక్రమించే ఆస్తిని తెలుగు రైతు పిత్రార్జితం అంటాడు. కరవులో అప్పుకు అదే ఈడు, పెళ్లిలో అదే గౌరవం, పంచాయితీలో అదే తగవు. ఈ పితృభూమికి రెండు చోట్ల తలుపులు మూసి ఉండేవి. ఒకటి ఆడబిడ్డలకు: తెలుగు రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని 1986లో సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా అవివాహితలైన కుమార్తెలకు కుమారులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు కల్పించేవరకూ పిత్రార్జితం కొడుకులదే. రెండోది దళితులకు, తాతల పేర పట్టా లేని కూలి కుటుంబాలకు: వారి చేతికి వచ్చినది ప్రభుత్వం బంజరులో దర్ఖాస్తు ద్వారా కేటాయించిన డీకేటీ భూమి మాత్రమే. స్వదేశాన్ని తాతల ఆస్తిగా భావించిన సమాజంలో తాతలకు ఆస్తి లేనివారి స్థానం ఏమిటన్న ప్రశ్నను అనంతపురం రాజకీయాలు చాలా ఆలస్యంగా ఎదుర్కొన్నాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నేలను అన్నిటికన్నా గట్టిగా తాకింది కరవు. 1876–78 మహా కరవుకు తెలుగువారు ధాత కరవు అని పేరు పెట్టుకున్నారు. ఆ కరవు అప్పటి బళ్లారి జిల్లాను అతలాకుతలం చేసింది. దాని తరువాత 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచారు. పాలనా సౌకర్యం కోసం జరిగిన ఈ విభజన క్రమంగా ఒక ప్రజా సమూహానికి గుర్తింపు అయింది. గుత్తి న్యాయవాది కేశవ పిళ్లై 1885లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ తొలి సభకు వెళ్లడం ఈ జిల్లా అఖిల భారత రాజకీయాల్లో తొలినుంచీ పాలుపంచుకున్నదనడానికి నిదర్శనం. 1916లో అనంతపురంలో దత్త మండల కళాశాల ప్రారంభమైంది. 1926లో పప్పూరు రామాచార్యులు సంపాదకత్వంలో ‘శ్రీ సాధన’ వారపత్రిక ఆరంభమైంది. ఒక కళాశాల, ఒక పత్రిక, కొందరు న్యాయవాదులు: ప్రాంతీయ చైతన్యం పుట్టిందీ పెరిగిందీ ఈ కొద్దిమంది మధ్యనే.

దత్త మండలాలన్న పేరు ఆ తరానికి అవమానంగా తోచింది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితో పాటే జరిగిన దత్త మండలాల సదస్సుకు కడప కోటిరెడ్డి అధ్యక్షత వహించగా, ‘రాయలసీమ’ అనే కొత్త పేరును చిలుకూరి నారాయణరావు సూచించారు. ఈ ఘనతను చాలాకాలం గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు ఆపాదించారు గాని, పేరు సూచించిన వ్యక్తి నారాయణరావే. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది: ఆయన ఈ సీమలో పుట్టినవారు కారు, ఉత్తరాంధ్ర నుంచి అనంతపురం కళాశాలకు అధ్యాపకుడిగా వచ్చి అక్కడే స్థిరపడినవారు, ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రాసిన పండితులు. తాతలు ఇక్కడివారు కాని మనిషి ఈ నేలకు తాతల పేరు పెట్టారు. రాయలవారిని పూర్వీకులుగా ఎంచుకోవడం రక్తసంబంధంతో కాక చరిత్ర పరిజ్ఞానంతో జరిగిన పని అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. జనం దాన్ని వెంటనే సొంతం చేసుకోవడం మాత్రం, బుక్కరాయసముద్రం లాంటి ఊర్ల పేర్లలో ఆ రాయలు అప్పటికే ఉండడం వల్ల సాధ్యమైంది.

పేరు వచ్చిన తొమ్మిదేళ్లకు ఆ పేరుకు షరతులు చేరాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే కోస్తా జిల్లాల ఆధిక్యంలో తమ జిల్లాలు మళ్లీ వెనకబడతాయన్న భయం సీమ నాయకుల్లో బలంగా ఉండేది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కోస్తాలో స్థిరపడడం ఆ భయాన్ని పెంచింది. ఈ విభేదాన్ని తీర్చడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం ‘శ్రీబాగ్’లో నాయకులు సమావేశమై ఒడంబడిక కుదుర్చుకున్నారు. అనంతపురం వైపు నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు, కడప నుంచి కోటిరెడ్డి, బళ్లారి వైపు నుంచి హాలహర్వి సీతారామరెడ్డి, కోస్తా నుంచి భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు దానిలో పాల్గొన్నారు. విశ్వవిద్యాలయానికి అనంతపురంలో రెండో కేంద్రం ఉండాలని, తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వాడకంలో పదేళ్లపాటు లేదా కోస్తాతో సమానస్థితి వచ్చేదాకా రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలని, రాజధాని, హైకోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకునే హక్కు సీమకే ఉండాలని అందులో అంగీకరించారు.

రాజకీయ స్వదేశ భావనలపై రాసిన గ్రంథాల్లో ఇటువంటి పత్రాలకు చోటు తక్కువ. జెండాలు, గీతాలు, వీరులు అక్కడ ముందుంటారు. కాని శ్రీబాగ్ ఒడంబడికను ఆ వరుసలో పెట్టి చూసినప్పుడు దాని విశిష్టత తెలుస్తుంది. రాష్ట్రమనే పెద్ద ఇంట్లో చేరబోయే తమ్ముడు, ఉమ్మడి ఆస్తిలో తన వాటా ముందుగా రాయించుకున్నట్టుగా ఉన్న ఈ పత్రం, ప్రేమను ప్రకటించడానికి ముందు నీళ్లను అడిగింది. ఈ అడగడాన్ని సంకుచితత్వమని తరువాత నిందించినవారు ఉన్నారు. ఏటా కరవు భయంతో బతికే ప్రాంతానికి స్వదేశంపై విశ్వాసం కలగాలంటే అది నీటి రూపంలోనే రాగలదన్న సత్యాన్ని గుర్తించినవారికి ఆ నింద న్యాయంగా తోచదు.

పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేసిన తరువాత ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆరంభమైంది. అప్పటి సరిహద్దు నిర్ణయం రాయలసీమ పేరుకే ఒక విషాదం కలిగించింది. భాష ప్రాతిపదికన బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. వాటిలో రాయదుర్గం అనంతపురం జిల్లాలో చేరింది. వివాదంలో ఉన్న బళ్లారి తాలూకా, దానితో పాటు మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. ఆ విధంగా రాయల రాజధాని హంపీ రాయలసీమకు బయట మిగిలింది. తుంగభద్ర ఆనకట్ట ఉన్న హోస్పేట కూడా బయటే మిగిలింది. ఏ రాజుల పేరుతో సీమ తనను తాను పిలుచుకున్నదో వారి నగరమూ, ఏ నీటి కోసం ఒడంబడిక చేసుకున్నదో ఆ నీటి ఆనకట్టా, భాష గీసిన గీతకు అవతలి వైపు చేరాయి. అర్న్‌ట్ వంటివారు పితృభూమికి భాషే సరిహద్దన్న సూత్రాన్ని ఎంత ఉత్సాహంతో ప్రకటించినా, రెండు భాషలు కలిసి కాపురం చేసే ప్రాంతాల్లో ఆ సూత్రం ఒక చెరువును, ఒక రైలుస్టేషనును, ఒక వియ్యపు సంబంధాన్ని రెండుగా చీల్చగలదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురం జిల్లాలో పుట్టి మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించగలిగిన కాలానికి ఈ సరిహద్దు అడ్డు కాలేదు.

తుంగభద్ర నుంచి హైలెవల్ కెనాల్ ద్వారా ఆంధ్రకు కేటాయించిన వాటా 32.5 టీఎంసీలు. అంటే ముప్పైరెండున్నర వేల మిలియన్ ఘనపుటడుగుల నీరు. జలాశయంలో పూడిక చేరి నిల్వ సామర్థ్యం తగ్గుతూ రావడంతో ఆ అంకె ఏ ఏటికా ఏడు కుంచించుకుపోతున్నది. కాలువ చివరి పొలాలకు నీరు రాక, వేరుశనగ వాన మీదే ఆధారపడి, రైతు బోర్లు తవ్వి, అప్పు చేసి, చివరికి బెంగళూరు కట్టడాల పనికి వలస పోయే క్రమం ఈ లెక్కల వెనకే ఉంది.

కరవు నేల స్వదేశాన్ని సాహిత్యంలో సరిగ్గా చూపించినది విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’. 1915లో తరిమెలలో పుట్టిన విశ్వం 1956లో వెలువరించిన ఈ కావ్యానికి కథానాయకుడు రాజు కాదు, వీరుడు కాదు. ఒకప్పుడు ఆస్తిపరుల ఇంట పుట్టి, ఇప్పుడు కట్టెలు కొట్టి కూలి బతుకు బతికే రంగడు. అతని భార్య గంగమ్మ. పెన్న ఒడ్డున తండ్రి తాతల భూమి పోగొట్టుకున్న ఆ మనిషి కథ, ‘పెనుగొండలక్ష్మి’ పాడుపడిన కోటలో వెతికిన స్వదేశాన్ని ఎండిన చేలోకి తెచ్చింది. 1950ల ఆరంభపు కరవు, గంజి కేంద్రాల ముందు నిలిచిన జనం ఆ కావ్యం వెనక ఉన్నారు. గురజాడ ‘దేశభక్తి’ గీతంలో దేశమంటే నేల కాదు, మనుషులేనన్న భావం ఉంది. విశ్వం ఆ మనుషుల కడుపుకు, కాళ్ల కింది నేలకు ఉన్న సంబంధాన్ని తెలుగులో మొదటిసారి అంత వివరంగా రాశారు. సీమ గురించి తరువాత వచ్చిన కథ, నవల ఆ దారిలోనే నడిచాయి.

విశ్వం గ్రామస్థుడు తరిమెల నాగిరెడ్డి 1917లో భూస్వామ్య కుటుంబంలో పుట్టి కమ్యూనిస్టు అయినవాడు. 1940లో యుద్ధం, దాని ఆర్థిక ప్రభావాల గురించి రాసిన పుస్తకానికి బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను జైలులో పెట్టింది. 1952 ఎన్నికల్లో అనంతపురం నుంచి తన సొంత బావ నీలం సంజీవరెడ్డిపై గెలిచాడు. ఇల్లూరులో పుట్టిన సంజీవరెడ్డి ఆ తరువాత ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా, చివరికి రాష్ట్రపతిగా స్వతంత్ర భారతదేశపు అధికార శిఖరాలకు చేరారు. ఒకే కుటుంబంలో పుట్టిన రెండు స్వదేశ భావనలు ఇవి: ఒకటి రాజ్యాంగ పీఠాల ద్వారా దేశాన్ని నడిపించాలన్నది, మరొకటి దేశం ఎవరిదన్న ప్రశ్నను శాసనసభల వెలుపల తేల్చాలన్నది. నాగిరెడ్డి 1969లో శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేసి రెండో దారి పట్టాడు. 1976లో అజ్ఞాతంలోనే మరణించాడు.

నాగిరెడ్డి నిందితుడిగా ఉన్న హైదరాబాద్ కుట్ర కేసులో ఆయన కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తరువాత ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకంగా వచ్చింది. విదేశీ పెట్టుబడికి, అప్పులకు దేశ ఆర్థిక వ్యవస్థ లోబడిందన్న వాదాన్ని లెక్కలతో నిరూపించడానికి ప్రయత్నించిన ఆ గ్రంథంలో సంఖ్యలు, ఒప్పందాలు, పెట్టుబడి నిష్పత్తులు ఎక్కువ. కాని దాని శీర్షికలోని తాకట్టు అన్న మాట గుత్తి, తాడిపత్రి, తరిమెల ప్రాంతాల్లో పట్టాను అప్పులవాడి దగ్గర పెట్టుకున్న ఏ రైతుకైనా వివరణ అక్కరలేని మాట. పంటకాలం తరువాత పంటకాలం పిత్రార్జితం చేయిజారడాన్ని దగ్గరగా చూసిన జిల్లా నుంచి వచ్చిన మనిషి, అదే దృష్టితో దేశాన్ని చూశాడు.

శ్రీబాగ్ షరతుల్లో అనంతపురం విశ్వవిద్యాలయ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా పూర్తిరూపం దాల్చింది, అదీ రాయల పేరుతోనే. రాజధాని 1956లో కర్నూలు నుంచి హైదరాబాద్‌కు పోయింది, 2014 విభజన తరువాత అమరావతికి వచ్చింది. ప్రతి మార్పుకూ 1937 పత్రాన్ని ఎవరో ఒకరు బయటికి తీస్తూనే ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, కదిరి ప్రాంతాలు పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. అలా రాయల రెండో రాజధాని పెనుకొండ కూడా అనంతపురం జిల్లాకు బయట మిగిలింది. పది సంవత్సరాలని నీటి ప్రాధాన్యపు గడువు రాసుకుని ఎనభై ఏళ్లు దాటినా, ఆ పత్రంలోనే ఉన్న రెండో షరతు, సమానస్థితి వచ్చేదాకా అన్నది, ఇంకా నెరవేరవలసే ఉంది.